ఖాళీగా వదిలిన మొదటి గడి

పదవీ విరమణ తరువాత తొమ్మిదేళ్ళుగా నేను ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రామును పర్యవేక్షిస్తున్నాను. చిన్న గ్రంథాలయాలు తమ పుస్తకాల రాకపోకలు చూసుకోవడానికి ఉపయోగించే ప్రోగ్రాము అది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఒక్కటే కఠినమైన నిబంధన, దానిని రాసినవాణ్ణి నేనే: ఇతరుల సొత్తయిన కోడ్ ఒక్క పంక్తి అయినా అందులోకి రాకూడదు, తెచ్చినవారికి ఇక కోడ్ మార్చే హక్కు ఉండదు. మా బృందంలోని పన్నెండుగురూ నన్ను హెడ్మాస్టారు అంటారు. ఆ పేరు నాకు నచ్చలేదని నేనెన్నడూ చెప్పలేదు.

కిందటి నెలలో ఒక కంపెనీ నుంచి లేఖ వచ్చింది. ఆ కంపెనీ పేరు నేను విని ఎరుగను. పుస్తకం తిరిగి ఇవ్వవలసిన తేదీని లెక్కించే మా ఫైలులో నూట నలభై పంక్తులు తమవని, అనుమతి లేకుండా వాడుకున్నామని దాని సారాంశం. మా ప్రోగ్రాములో ప్రతి మార్పు పక్కనా చేసినవారి పేరు నమోదై ఉంటుంది. చూశాను. ఆ ఫైలు చేర్చినది నా మేనకోడలు. బృందంలోకి ఆమెను తెచ్చినదీ నేనే.

సొంత మనిషి అని ఉపేక్షించాననే మాట రాకూడదనుకున్నాను. బృందమంతా చదివే ఈమెయిలు గ్రూపులోనే, నిందలో వ్యాకరణ దోషమైనా లేకుండా, మూడు పేరాలు రాశాను. ఆమె హక్కులు తొలగించాను. ఆ సాయంత్రం ఆమె ఫోన్ చేసింది.

“ఆ ఫైలు నేను తెచ్చింది కాదు మావయ్యా. ఒక్కసారి గుర్తు చేసుకోండి,” అంది.

రికార్డు అబద్ధం చెప్పదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

నేరాన్ని సంపూర్ణంగా నిరూపించాలన్న పట్టుదలతో, కంపెనీ పంపిన పాత ప్రతిని మా ఫైలు పక్కన పెట్టుకుని పంక్తి పంక్తి పోల్చాను. ఏ నెలకు ఎన్ని రోజులో చెప్పే పట్టిక దగ్గర చేయి ఆగిపోయింది. నెలలు పన్నెండు, పట్టికలో గడులు పదమూడు. మొదటి గడి ఖాళీ. యంత్రం సున్నా నుంచి లెక్కపెడుతుంది, మనిషి ఒకటి నుంచి లెక్కపెడతాడు. జనవరి ఒకటో గడిలోనే ఉండాలని, సున్నా గడిని వృథాగా వదలడం ఒకరికి అలవాటు. ఆ అలవాటును వెక్కిరించిన సహోద్యోగులతో వాదించి గెలిచినవాణ్ణి నేను.

లేచి బీరువా తెరిచాను. అట్టడుగున నా పాత నోటుబుక్కు ఉంది. అందులో నా చేతిరాతతో ఆ నూట నలభై పంక్తులూ ఉన్నాయి. ప్రతి పేజీ మీదా నేను పనిచేసిన ఆఫీసు ముద్ర. అట్ట మీద, బయటకు తీసుకుపోరాదని అచ్చు. నేను రిటైరైన తరువాత ఆ ఆఫీసును ఎవరో కొన్నారని విన్నాను; ఎవరో ఇప్పుడు తెలిసింది.

రెండేళ్ళ కిందట నా కంటికి ఆపరేషన్ అయింది. కట్టు కట్టుకుని కుర్చీలో కూర్చుని, ఇది నేను రాసినదే, టైపు చెయ్యి అని ఆ పుస్తకాన్ని మేనకోడలి చేతికిచ్చాను. నేను రాసినది నాదే అనుకున్నాను. జీతం తీసుకుని రాసినది జీతమిచ్చినవారిదని కొత్తగా చేరిన ప్రతివారికీ పాఠం చెప్పే మనిషిని నేనే. గురివింద గింజ సామెత ఎన్నిసార్లు ఇతరుల మీద ప్రయోగించానో లెక్క లేదు.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. మేనకోడలు భోజనాల బల్ల మీద బట్టలు మడతపెడుతోంది. నోటుబుక్కు ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని తెరవలేదు.

“అందరికీ చెప్పవలసింది కదా,” అన్నాను.

“మీరు అన్నారు కదా అందరి ముందూ. నేనూ అంటే ఇంక మన మధ్య మిగిలేదేముంది మావయ్యా?” అంది తల ఎత్తకుండా.

నేను రాసుకుని తెచ్చిన క్షమాపణ పత్రం ఇచ్చాను. నాలుగు పేజీలు. అందులో కంటి ఆపరేషన్ ఉంది, ఆఫీసు చేతులు మారిన చరిత్ర ఉంది, నా నలభై ఏళ్ళ సేవ ఉంది. ఆమె ఓపికగా చదివింది.

“బాగుంది. కానీ తప్పు ఎవరిదో వెతుక్కోవాలి,” అంది.

అక్కడే కూర్చుని రెండు వాక్యాలకు కుదించాను. ఆ ఫైలు నా పాత ఆఫీసు సొత్తు, తెచ్చినది నేను. నా మేనకోడలిపై వేసిన నింద అబద్ధం, నిబంధన ప్రకారం నా హక్కులు తీసివేయగలరు. ఆమె ముందే దాన్ని అదే గ్రూపుకు పంపాను.

ఆమె హక్కులు తిరిగి వచ్చాయి. నావి పోయాయి. అభ్యంతరం చెప్పినవారు ఒక్కరూ లేరు.

ఆ ఫైలును తీసేసి, పాతది ఎన్నడూ చూడనివారి చేత కొత్తగా రాయించాలి. చూసినవారు నోరు మెదపకూడదు. అదీ నేను రాసిన నిబంధనే. బృందంలోని ఒక స్కూలు టీచరు ఆ పని తీసుకున్నాడు. సమావేశంలో, తెర మీద అందరి ముఖాలూ నా వైపు తిరిగి ఉండగా, పాత అలవాటు కొద్దీ అడిగాడు.

“నెలల పట్టిక ఎలా పెట్టమంటారు హెడ్మాస్టారూ?”

జవాబు నా నాలుక చివర ఉంది.

“నన్ను అడక్కండి,” అన్నాను. “చెప్పే హక్కు నాకు లేదు.”