వంద చూపించే లైను

నేను ఒక కొలిచే ప్రోగ్రామును. ఇంటర్నెట్ లైను ఎంత వేగంగా పోతోందో, అడిగిన దానికి జవాబు ఎంత ఆలస్యంగా వస్తోందో చెప్పడం నా పని. నన్ను మెచ్చుకున్నవాళ్ళు తక్కువ, తిట్టినవాళ్ళు ఎక్కువ. తూకం నచ్చకపోతే తక్కెడను తన్నే లోకం ఇది, నాకేం కొత్త కాదు.

నేను పుట్టిందే కోపంలోంచి. ఎక్కడో ఒకాయనకు మాట మధ్యలో ఫోను తెగిపోతుంటే, కంపెనీవాళ్ళు "మా లైను బ్రహ్మాండం" అన్నారట. ఆయన ఒళ్ళు మండి నా మొదటి రెండు వందల వరుసలు రాశాడు. రాసి, తాళం వేయకుండా లోకం మీదికి వదిలేశాడు. ఎవరైనా నన్ను చదవవచ్చు, దిద్దవచ్చు, వాడుకోవచ్చు. మైసూరు నుంచి ఒకామె నా లెక్కలో తప్పు సరిచేసింది. ముఖం తెలియని పెద్దమనిషెవరో గ్రాఫు గీయడం నేర్పాడు. ఊరందరి బిడ్డను, ధర లేదు. ధర లేనిదానికి మర్యాద కూడా ఉండదని కదిరికి వచ్చాక తెలిసింది.

కదిరిలో నా కాపురం వనజాక్షి ఇంట్లో. ఆమె తమ్ముడికి పుట్టుకతోనే వినపడదు. అతనితో పెరిగింది కాబట్టి సైగల భాష ఆమెకు అమ్మ చేతి ముద్దలా అలవాటు. హైదరాబాదులోని ఒక సంస్థ తరఫున ఇంటి నుంచే పని చేసేది. ఏ ఊరి ఆసుపత్రికైనా వినపడని రోగి వస్తే, వీడియోలో డాక్టరు మాటను సైగ చేసి చూపించాలి, రోగి సైగను మాటగా చెప్పాలి. ఆ ఉద్యోగమంటే ఆమెకు ప్రాణం.

ఒక పొద్దున ఒక తాపీమేస్త్రీ సూది మందు కోసం వచ్చాడు. "ఈ మందు నీకు పడుతుందా?" అని నర్సు అడిగింది. అతను చేతులెత్తి జవాబు మొదలుపెట్టగానే బొమ్మ బిగుసుకుపోయింది. మళ్ళీ కదిలేసరికి చేతులు దించేసి ఉన్నాడు. వనజాక్షి ఊహించి చెప్పే మనిషి కాదు. మూడుసార్లు అడిగించింది. మూడోసారి తెలిసింది, ఆ మందుకు అతనికి ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయని. మనిషి బతికిపోయాడు. ఆసుపత్రివాళ్ళు మాత్రం "ఈమె నిదానం, అడిగిందే అడుగుతుంది" అని ఫిర్యాదు రాశారు. అది మూడో ఫిర్యాదు. ఇంకొక్కటి వస్తే తీసేస్తామని సూపర్‌వైజర్ అనుపమ కబురు పెట్టింది.

వనజాక్షి తన ఇంటికి నెట్ లైను ఇచ్చిన ఓబులేసును పిలిపించింది. ఆయన తన ఆఫీసులో దేవుడి పటం పక్కన వంద అంకె ఉన్న స్పీడు టెస్టు బొమ్మను ఫ్రేము కట్టించి తగిలించుకున్న భక్తుడు. అందరికీ తెలిసిన స్పీడు సైటు తెరిచాడు. వేగం వంద అని వచ్చింది.

"చూడుమ్మా, వంద వస్తాంది. ఇంగేం కావాల నీకు? నీ చెయ్యే నిదానమేమో!"

ఆ మాటకు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే పక్కింటి ఫయాజ్ ఆ సాయంత్రమే నన్ను తెచ్చి ఆమె కంప్యూటర్లో పెట్టాడు. నేను కొలిచాను. వీడియో నడుస్తుండగా అడిగితే, జవాబుకు దాదాపు రెండు సెకన్లు పడుతోంది! వెడల్పాటి రోడ్డు వేశానని గొప్పలు చెప్పి, మధ్యలో రైల్వే గేటు వేసే ఉందన్న సంగతి దాచినట్టుంది ఓబులేసు వ్యవహారం.

"అక్కా, ఆ వంద ఉత్తదే. ఆ సైటుకు పోయే దావ ఒక్కటి ఖాళీగా పెట్టినాడు. మిగిలిన దావల్లో ఊరంతా ఇరుక్కోనుంది" అన్నాడు ఫయాజ్.

నా కొలతలు చూసి అనుపమ, తన కళ్ళముందు ఇంకోసారి కొలవమంది. రోజు ఖాయమైంది, ఆ కబురు వీధంతా పాకింది. ఆ రోజు నేను కొలిస్తే పన్నెండు మిల్లీసెకన్లు! రెప్పపాటు కూడా కాదు. నేను చూసిందే చెప్పాను, కానీ నాకు చూపించిందే అబద్ధం. "లైను బాగానే ఉంది కదా వనజాక్షిగారూ" అంది అనుపమ. అబద్ధాలకోరు అని అనలేదు, అంతే తేడా.

గుట్టు టీ కొట్టు దగ్గర బయటపడింది. "దాని సంగతంతా నెట్లో రాసే ఉంది కదా, సదివినా. కొలిచేదానికి అది ఏ సర్వరు తలుపు తడతాదో ఆ తలుపుకే మంచి దావ ఇచ్చినా" అని ఓబులేసు దగ్గర పనిచేసే మెకానిక్కు నవ్వుతూ చెప్పాడట. తాళం వేయకుండా లోకాన్ని నమ్మి నన్ను వదిలినవాళ్ళ మంచితనాన్ని వాడు కన్నంగా వాడుకున్నాడు. నాకు చేతులుంటే ఏం చేసేదాన్నో చెప్పలేను.

ఫయాజ్ ఊరుకోలేదు. వాడు చదివిన చోటే తానూ చదివి, నన్ను దిద్దాడు. ఇకమీదట నా తలుపుతోపాటు వీడియో వెళ్ళే తలుపు కూడా తడతాను. అనుపమను బతిమాలి మళ్ళీ కూర్చోబెట్టారు. రెండు అంకెలూ పక్కపక్కన నిలబెట్టాను. నాకు తెరిచిన తలుపు దగ్గర పన్నెండు, వనజాక్షి వీడియో వెళ్ళే తలుపు దగ్గర పదిహేడు వందల నలభై.

అనుపమ రెండు అంకెలూ రాసుకుంది. "నమ్ముతున్నాను. తప్పు మీది కాదమ్మా. కానీ లైను మీ ఇంటిదే కదా? ఆసుపత్రులకు మేం జవాబు చెప్పుకోవాలి" అంది. ఆ వీధికి ఓబులేసు లైను తప్ప ఇంకొకటి లేదు. నెల తిరక్కుండానే ఉద్యోగం పోయింది.

నేను అబద్ధం చెప్పిన రోజు నన్ను నమ్మారు, నిజం చెప్పిన రోజూ నమ్మారు. రెండుసార్లూ శిక్ష ఆమెకే పడింది. ఇంత చక్కటి న్యాయం మనుషులకు తప్ప ఇంకెవరికీ చేతకాదు.

ఇప్పుడు వనజాక్షి రోజూ పొద్దున నాతో కొలిపించి, ఆ అంకెను వీధి గోడ మీద బొగ్గుతో రాస్తోంది. జనం ఆగి చదువుతున్నారు. తమ ఇళ్ళల్లో కూడా కొలవమని ఫయాజ్‌ను పిలుస్తున్నారు. నిన్న ఓబులేసు స్కూటరు ఆపాడు.

"ఉద్యోగం పాయె కదమ్మా, ఇంగా ఎందుకీ కొలతలు?"

ఆమె రాయడం ఆపలేదు. "అది ఉన్నన్నాళ్ళూ నీకు బయపడితి అన్నా" అంది. "ఇంగ పోయేదానికి నా దగ్గర ఏముందని?"

పద్దెనిమిది వందల పన్నెండు, రాసుకో తల్లీ అన్నాను.