కరెంటు రుచి

తాండూరులో కడుతున్న మూడంతస్తుల ఇంట్లో వైరింగ్ పని నేర్చుకోవడానికి చేరిన మొదటి వారమే నిరోషాకు కరెంటు తగిలింది. వైరు పట్టుకోగానే చెయ్యి భుజం దాకా జివ్వుమంది. నిచ్చెన మీంచి కింద పడింది.

లేచి చూస్తే మేస్త్రీ హన్మయ్య మెయిన్ బోర్డు దగ్గర స్విచ్చు మీద చెయ్యేసి నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

"రుచి సూసినవా బిడ్డా? గిది తినకుంట ఎవ్వడు వైర్‌మన్ గాలే."

మిగతావాళ్ళూ నవ్వారు. యాకోబు ఒక్కడే తల వంచుకుని పైపు కోస్తున్నాడు. వయసులో చిన్నవాడే కానీ ఆమె కంటే ఏడాది ముందు పనిలో చేరాడు. అన్నం తినేటప్పుడు పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు.

"నాకు గూడ కరెంటు వెట్టిండక్కా. నువ్వు ఏడ్చేదాంక వెడ్తనే ఉంటడు."

"ఏడిస్తే ఊకుంటడా?"

యాకోబు అన్నం డబ్బాకు మూత పెట్టి లేచిపోయాడు.

మరునాటి నుంచి నిరోషా పనికి ముందే మెయిన్ బోర్డులో ఫ్యూజు పీకి జేబులో వేసుకునేది. హన్మయ్య చూశాడు. తిట్టలేదు. బోర్డు దగ్గరికి వచ్చి ఫ్యూజు లేని ఆ ఖాళీని కాసేపు చూసి వెళ్ళిపోయేవాడు. ఆమెతో మాట్లాడటం మానేశాడు. దాంతో అందరూ మానేశారు. ఆమె నీళ్ళ సీసాలో సిమెంటు కలిసి ఉండేది. నిచ్చెన మెట్టు ఊడి చేతికి వచ్చేది. ధారూర్‌లో ఇంటికి చేరాక తల్లి రెబెక్క అడిగితే మాత్రం పని మంచిగనే ఉందనేది.

ఒక రోజు బాగా వాన కురిసి పై అంతస్తు నేలంతా తడిసింది. ఆ రోజు హన్మయ్య తనంతట తానే పలకరించాడు.

"జర పైన ఫ్యాన్ పాయింటు సూసి రా బిడ్డా."

ఆ మెత్తదనానికే ఆమెకు భయం వేసింది. జేబు తడుముకుంది. ఫ్యూజు ఉంది. పైకి వెళ్ళి నిచ్చెన ఎక్కి వైరుకు చెయ్యి చాచబోతుంటే యాకోబు రొప్పుతూ వచ్చాడు.

"ముట్టకక్కా. ఫ్యూజు జాగల రాగితీగ వెట్టిండు. నాతోనే వెట్టిపిచ్చిండు."

నిరోషా టెస్టర్ ఆనించింది. వెలిగింది. వెనకాలే హన్మయ్య, పనివాళ్ళు వచ్చారు.

"తమాషకు జేసినం," అన్నాడు హన్మయ్య.

ఆమె నిచ్చెన దిగి పక్కకు జరిగింది. "గట్లయితే నువ్వు ముట్టు మేస్త్రీ."

అతను కాళ్ళ కింది తడిని చూశాడు. కదల్లేదు. ఎవరూ నవ్వలేదు.

నిరోషా, యాకోబు అటు నుంచి అటే పోలీస్ స్టేషన్‌కు నడిచారు. తీగ చుట్టింది తన చేతులేనని యాకోబు అక్కడ దాచకుండా చెప్పాడు. ఇంటి యజమాని హన్మయ్యను పనిలోంచి తీసేశాడు. అంతకుమించి ఏమీ జరగలేదు.

తర్వాత నిరోషాకు వికారాబాద్‌లో వేరే పని దొరికింది. ఒక పొద్దున ధారూర్‌లో రైలెక్కితే లోపల హన్మయ్య కనిపించాడు. పక్కన అతని పనిముట్ల సంచులు ఒళ్ళో పెట్టుకుని ఇద్దరు కొత్త కుర్రాళ్ళు. ఆమెను చూసి అతను చిన్నగా నవ్వాడు.

నిరోషా వెళ్ళి వాళ్ళకు ఎదురుగా కూర్చుంది. అతని ముందే ఆ కుర్రాళ్ళకు జరిగిందంతా చెప్పింది. హన్మయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

వికారాబాద్‌లో ఒక కుర్రాడు సంచిని సీటు మీదే వదిలేసి దిగిపోయాడు. రెండోవాడు ఆమె వంక ఓసారి చూసి, రెండు సంచులూ భుజాన వేసుకుని హన్మయ్య వెంట నడిచాడు.