అవతలి ఒడ్డు పొగ

మా అమ్మాయి గుల్‌చెహ్రాను నది అవతలికి ఇస్తానని మా ఆయన నజర్‌షో అన్ననాడే, వద్దని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాను. వింటేగా! అవతలిది అఫ్గాన్ దేశమైనా మన మాటే, మన మనుషులే అన్నాడు. తాతల కాలంలో ఎవరో దొరలు పంజ్ నది మధ్య గీత గీసి పోతే, మనం దానికి దణ్ణం పెట్టాలా అన్నాడు. అప్పటికి మా ఖొరోగ్‌లో వంతెన తెరిచే ఉంది, దాని పక్కన శనివారం సంత ఉంది.

"ఎక్కడికో పంపడం లేదే పిచ్చిదానా. పొద్దున లేస్తే దాని పొయ్యి పొగ కనిపిస్తుంది" అన్నాడు.

చివరికి ఆ పొగే మిగిలింది. అవతల రాజ్యం మారింది, వంతెన గేటు మూసేశారు, సంత పోయింది. వాళ్ళింట్లో ఉన్న ఒక్క ఫోనూ పట్టుకుని అల్లుడు ఇరాన్‌కు కూలికి వెళ్ళాడు. ఒడ్డున కేకలేస్తే మన సిపాయిలే తుపాకీ ఎత్తుతారు. మా ఆయన రోజూ ఉప్పేసిన పాలచాయ్ తాగి, ఒడ్డు మీది రాయిపై కూర్చుని టోపీ తీసి ఊపేవాడు. అవతల అమ్మాయి ఎర్ర రుమాలు ఊపేది. నేను పక్కనే నిలబడి, చేతులు తిప్పుతూ ఆయన్ని తిట్టిపోసేదాన్ని.

ఈ చలికాలం ఆయన పోయాడు. అమ్మాయికి నెలలు నిండుతున్నాయి, ఇంత దూరానికీ పొట్ట తెలుస్తోంది. అంతకుముందు ఇద్దరు బిడ్డలు కడుపులోనే పోయారు. తండ్రి పోయాడని తెలిస్తే ఇదీ నిలవదని నాకు భయం పట్టుకుంది. అవతలికి కనబడకుండా శవాన్ని వెనక సందులోంచి పంపించాను. మాలో చావు ఇంట మూడు రోజులు పొయ్యి ముట్టించరు, ఇరుగుపొరుగే తిండి తెస్తారు. నేను ముట్టించాను. తడి కట్టెలు పెట్టి మరీ పొగ లేపాను. పక్కింటి బఖ్తిబేగిమ్ రొట్టెలు తెచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"సమాధి మట్టి ఇంకా ఆరలేదు. అంత ఆకలేసిందా అక్కా?" అంది.

అసలు సంగతి చెబితే ఊరంతా ఒడ్డుకొచ్చి ఏడుస్తుందని ఆ మాట దిగమింగుకున్నాను. మర్నాడు ఆయన కోటు తొడుక్కుని, జడ కాలర్లోకి దోపుకుని, ఆయన టోపీతో రాయి మీద కూర్చున్నాను. టోపీ ఊపితే ఎర్ర రుమాలు ఊగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వారం తిరక్కుండా అవతల పొగ ఆగిపోయింది. ఆ రోజూ లేదు, మర్నాడూ లేదు, మూడోనాడూ లేదు. బిడ్డ పోయిందో, తల్లే పోయిందో తెలియక ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఆ రాయి మీదే కూర్చున్నాను.

నాలుగోనాడు పొగ లేచింది. కాసేపటికి అమ్మాయి నీళ్ళ అంచుదాకా వచ్చింది. పొట్ట పొట్టలాగే ఉంది. చలికి నది సన్నబడి చప్పుడు తగ్గింది. సిపాయి అటు తిరగగానే అది నోటికి రెండువైపులా చేతులు పెట్టుకుని అరిచింది.

"అమ్మ పోయిందని నా దగ్గర దాస్తావా నాన్నా? రోజూ నిన్ను తిట్టే మనిషి పక్కన లేకపోతే నాకు తెలీదా? మూడు రోజులూ పొయ్యి ముట్టించలేదు."

నా కోసం పస్తులుందా నా తల్లి! కడుపుతో ఉండి! నోరు తెరిచానా, నా గొంతు పోల్చుకుంటుంది, తండ్రి పోతాడు. తెరవకపోతే నేను పోయినట్టే.

"ఇక నీకు చెప్పేవాళ్ళు లేరు. వేళకింత తిను నాన్నా" అంది.

టోపీ తీసి ఊపాను.