డిక్కీకి పాలిష్

మా పెళ్ళయిన కొత్తలో ఒకసారి స్కూటరు మీద నుంచి పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతుంటే మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. వచ్చి, స్కూటరు లేపి నిలబెట్టి, మడ్‌గార్డు మీద బొటనవేలితో నిమిరి, "హమ్మయ్య, సొట్ట పడలేదు" అన్నాడు. పధ్నాలుగేళ్ళయింది. మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ మాట కూడా నా కడుపులో అలాగే ఉంది.

మనిషి చెడ్డవాడని కాదు. కార్ల సొట్టలు తీసి రంగులు కొట్టే మేస్త్రీ, అదీ సంగతి. వీధి వీధంతా ఆయన్ని మేస్త్రీ అనే పిలుస్తుంది. నేను మాత్రం కోపమొచ్చినప్పుడే అలా పిలుస్తాను, అంటే రోజూ అన్నమాట. కళ్ళు మూసుకుని రేకు మీద బొటనవేలు ఆనించాడంటే చాలు, ఇక్కడ పుట్టీ పెట్టారు, ఇక్కడ రేకు పలచబడింది అని చెప్పేస్తాడు. ఆ వేలికి తెలిసినంత ఆ బుర్రకు తెలిసి ఉంటే నేనీ కథ చెప్పాల్సిన పనే ఉండేది కాదు.

మాకు ముందు షాపు, దాని వెనక రెండు గదుల ఇల్లు, ఇంటి వెనక పెరడు. మూడు వైపులా మేడలే కాబట్టి ఎండ పెరట్లో ఒక్క చోటే పడుతుంది. ఆ ఒక్క చోటా ఈయన రేకుల షెడ్డు వేసి, దాని కింద తన కారు పెట్టుకున్నాడు. ఎవరో తుక్కు కింద వదిలేసిన పాత కారు. ఆరేళ్ళు దాని మీద పడి బాగుచేశాడు. ముదురు నీలం రంగు, మొహం చూసుకోవచ్చు. రోజూ పొద్దున్నే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి, ఆపేసి, కవరు కప్పేస్తాడు. రోడ్డెక్కిస్తే గీతలు పడతాయట. "నేనెప్పుడు ఎక్కాలి మీ కారు?" అని అడిగితే, "ఎక్కి కూర్చో, ఎవరొద్దన్నారు" అంటాడు. కూర్చుంటే ఎదురుగా కనపడేది మా ఇంటి గోడ.

ఒక సాయంత్రం చిన్నది బడి నుంచి బూట్ల డబ్బా ఒకటి పట్టుకొచ్చింది. చిన్నదంటే మా అమ్మాయి, పదేళ్ళది. వాళ్ళ సైన్సు టీచరమ్మ ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్ళిపోతూ, తను పెంచుకుంటున్న మెట్ట తాబేలు పిల్లను క్లాసులో బుద్ధిమంతురాలికి ఇచ్చి వెళ్ళిందట.

"క్లాసులో బుద్ధిమంతులకు అంత కరువొచ్చిందా?" అన్నాను. "ఇంట్లో ఇప్పటికే ఇద్దరు నా మాట వినరు. ఇప్పుడు చెవులే కనపడనిదొకటి."

ఏడాది పిల్ల, నా అరచేతిలో సరిపోయింది. డబ్బాలో దానితో పాటు ఒక కాగితం ఉంది. దాన్ని ఎలా పెంచాలో టీచరమ్మ రెండు వైపులా సన్నటి అక్షరాలతో రాసి ఇచ్చింది. మా ఆయన ఆ కాగితం అందుకుని, "రేపు చదువుతాలే. అయినా ఇరవై ఏళ్ళలో ఒక్క బండి మాన్యువల్ చదవలేదు నేను. బాడీ చూస్తే తెలిసిపోదూ" అని జేబులో పెట్టుకున్నాడు. వీపు మీద సామాను పెట్టె మోస్తున్నట్టుంది కదా అని దానికి డిక్కీ అని పేరు పెట్టింది కూడా ఆయనే.

ఇక చూడాలి ఆ సేవ. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుందని డిక్కీని షాపులో బల్ల కింద నీడలో పెట్టాడు. తడి తగలకుండా రోజూ పొడిగుడ్డతో తుడిచాడు. వారానికోసారి కార్లకు వేసే పాలిష్ తీసి డొప్ప మీద మెత్తటి గుడ్డతో గుండ్రంగా రుద్దాడు. రాత్రయితే పైన ఒక కవరు. తిండి విషయంలోనూ లోటు లేదు, పళ్ళెం ఎప్పుడూ నిండుగా ఉండాలి, ఫుల్ ట్యాంక్. నేను మొదట్లో దాని మొహం కూడా చూడలేదు గానీ, వంటింటి గడప దాకా డేక్కుంటూ వచ్చి తల పైకెత్తి చూసేసరికి మనసు ఆగలేదు. పాలల్లో బ్రెడ్డు ముంచి పెట్టాను. ఒక్కసారే అనుకున్నాను. రోజూ ఒక్కసారే.

మూడు నెలలు గడిచాయి. డిక్కీ మిలమిలా మెరుస్తోంది. కార్లు ఇచ్చిపోయేవాళ్ళంతా వంగి చూసి, "ఏం మెయిన్‌టెనెన్స్ మేస్త్రీ" అనేవాళ్ళు. ఈయన కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

ఒక ఆదివారం పాలిష్ రుద్దుతూ రుద్దుతూ ఆయన వేలు ఆగిపోయింది. ఇంకోచోట నొక్కాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ నొక్కాడు. కళ్ళు తెరిచి పాలిష్ గుడ్డ పక్కన పెట్టేశాడు.

"రేకు పలచబడింది" అన్నాడు.

నేను వేలు పెట్టి చూశాను. గట్టిగా ఉండాల్సిన డొప్ప లోపలికి పోతోంది. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నామో లేదో కూడా చూసుకోకుండా ముగ్గురం బస్సెక్కి పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాం.

డాక్టరమ్మ పొట్టి మనిషి, మాట మాత్రం పొడుగు. డిక్కీని చేతిలోకి తీసుకుని ముందు వాసన చూసింది.

"ఏంటిది?"

"పాలిష్ మేడమ్. మంచి కంపెనీది" అన్నాడు మా ఆయన.

"ఎండలో ఎంతసేపు ఉంచుతారు?"

"ఎండపొడ కూడా తగలనివ్వలేదు మేడమ్." ఇంకా గర్వంగానే చెప్పాడు.

"స్నానం?"

"తుప్పు పడు..." అని ఆగిపోయాడు.

"మీరేం పని చేస్తుంటారు?"

"కార్ల బాడీ పని మేడమ్. డెంటింగ్, పెయింటింగ్."

"అలా చెప్పండి" అని ఆవిడ కుర్చీలో కూర్చుంది. "ఇది కారు కాదు. దీని డొప్ప బయట బిగించింది కాదు, దాని ఎముకే. ఎండ పడితేనే అది గట్టిపడుతుంది. పిల్ల తాబేలు కాబట్టి రోజూ గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు కూర్చోబెట్టాలి, నీళ్ళు గడ్డం దాటకూడదు. గడ్డి, ఆకులు పెట్టాలి. కడుపు పగిలేలా కాదు. పాలు, బ్రెడ్డు లాంటివి ఎవరైనా పెడుతున్నారా?"

నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. ఆ నెలలో ఎన్ని ఆదివారాలో నాకిప్పటికీ గుర్తే.

"మీరు పైన ఎంత మెరిపించినా లోపల ఏమీ పెరగదండీ" అంది డాక్టరమ్మ. "మూడు నెలలు చూద్దాం. గట్టిపడితే బతుకుతుంది. మెత్తబడుతోందని నాకనిపిస్తే మాత్రం మీకివ్వను, నా దగ్గరే ఉంచుకుంటాను. ఇంకో మాట. వేలితో నొక్కి చూడ్డం మానెయ్యండి, దానికి నొప్పి."

ఇరవై ఏళ్ళుగా ఆ వేలే ఆయన కళ్ళూ చెవులూ. చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆవిడిచ్చిన కాల్షియం పొడి డబ్బా తెరిచి చూసి, "పుట్టీలా ఉందే" అని గొణిగాడు.

"పుట్టీయే అనుకోండి. కాకపోతే తినిపించాలి" అందావిడ.

బస్సులో చిన్నది డిక్కీ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దిగబోతుండగా అడిగింది. "టీచరు కాగితంలో ఇవన్నీ ఉండే ఉంటాయి కదా నాన్నా. ఆ కాగితం ఏది?"

మా ఆయన నేల చూపులు చూశాడు. రంగు కొట్టేటప్పుడు అద్దాలకూ లైట్లకూ అంటకుండా కాగితాలు అంటిస్తారు. ఆ రోజు పాత పేపర్లు అయిపోయాయట. చేతికి అందిందే అంటించాడట. "తెల్ల వ్యానుకి. ఎడం వైపు లైటు మీద" అన్నాడు.

"నీకు పైపై మెరుపులే కావాలి నాన్నా" అంది చిన్నది. అరిచి ఉంటే ఆయన తట్టుకునేవాడే. అది మామూలుగా అంది. నేను ఆయన్ని వెనకేసుకొద్దామనుకున్నాను. నా బ్రెడ్డు నా గొంతుకు అడ్డం పడింది.

మర్నాడు పొద్దున్నే ధన్‌ధన్‌మని చప్పుడు. పెరట్లోకి వెళ్ళి చూస్తే మా ఆయన నిచ్చెనెక్కి షెడ్డు రేకుల బోల్టులు విప్పుతున్నాడు. కారు లేదు. పక్క సందులోంచి తీసుకెళ్ళి వీధిలో పెట్టేశాడు, ఎండకూ దుమ్ముకూ, దారిన పోయే సైకిళ్ళకూ. ఆఖరి రేకు దిగేసరికి పెరట్లో ఎండ చాపంత పరుచుకుంది.

"బ్రెడ్డు పెట్టింది నేనే" అన్నాను, నిచ్చెన పట్టుకుని.

"తెలుసు. దాని మూతి పాలవాసన వేసేది" అన్నాడు. "నాకు ముద్దొచ్చి ఊరుకున్నా."

అప్పటి నుంచి మా ఇల్లు ఇల్లు కాకుండా పోయింది. రంగులు పోసే కొత్త ట్రే డిక్కీ స్నానాల తొట్టి అయింది. రంగులు గ్రాముల లెక్కన కలిపే తూకం మీద డిక్కీని వారానికోసారి కూర్చోబెట్టి, గోడ మీద సుద్దముక్కతో బరువు రాసేవాడు. చిన్నది గడ్డీ, మందారాకులూ కోసుకొచ్చేది. ఎండ ఎక్కువైతే దూరడానికి దానికో గూడు కావాలంది డాక్టరమ్మ. ఒక మధ్యాహ్నం చూస్తే ఈయన స్కూటరు మడ్‌గార్డు ఊడదీసి కోస్తున్నాడు. అదే మడ్‌గార్డు. పధ్నాలుగేళ్ళు నేను శత్రువులా చూసిన దాన్ని వంచి, అంచులు గుచ్చుకోకుండా సుత్తితో లోపలికి మడిచి, పైన తడి గోనె కప్పాడు. డిక్కీ అందులో దూరి తల బయటపెట్టి నా వంక చూసింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రెండు వారాలకోసారి చిన్నదీ నేనే ఆస్పత్రికి తీసుకెళ్ళేవాళ్ళం. ఆయనకు రావడానికి ధైర్యం చాల్లేదు. పనుందనేవాడు. తిరిగొచ్చేసరికి వీధి మలుపులో నిలబడి ఉండేవాడు.

"ఏమంది?"

"నొక్కి చూసి 'ఊఁ' అంది."

"ఊఁ అంటే? ఎలాంటి ఊఁ?"

"ఊఁ లాంటి ఊఁ."

"దీర్ఘం తీసిందా?"

"వెళ్ళి మీరే అడగండి మేస్త్రీ" అనేదాన్ని, ఒళ్ళు మండి.

రెండో నెలలో డిక్కీ నాలుగు రోజులు తిండి ముట్టలేదు. ఆ నాలుగు రోజులూ ఈయన కూడా సగం తిండే తిన్నాడు. షాపు ముందు కార్లవాళ్ళు హారన్లు కొడుతుంటే పెరట్లో గొంతుక్కూర్చుని, మందారాకు ఒకటి దాని ముందు ఊపుతూ, చిన్న గొంతుతో ఏదో చెబుతున్నాడు. చిన్నది పుట్టినప్పుడు కూడా ఆయన అంత మెత్తగా మాట్లాడగా నేను వినలేదు. కుడిచేతి బొటనవేలు మాత్రం గుప్పిట్లో బిగించి పెట్టుకున్నాడు, ఎక్కడ నొక్కేస్తానో అని. ఐదో రోజు అది ఆకు కొరికింది. ఈయన లేచి మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

మూడు నెలల గడువు రోజు తెల్లారేసరికి ముసురు పట్టింది. స్కూటరుకు మడ్‌గార్డు లేదు, బస్సు కోసం నిలబడితే డిక్కీకి చలి. మా ఆయన కారు తాళాలు తీశాడు. బానెట్ నిండా ఎదురింటి పిల్లి అడుగులే. ఆరేళ్ళలో మొదటిసారి ఆ కారు అద్దంలోంచి మా ఇంటి గోడ కాకుండా వేరేది చూశాను. వాన పడుతున్న వీధి అంత బాగుంటుందని అనుకోలేదు. ఆ మాట పైకి అనలేదు, ఆయనకు అలుసైపోతానని.

డాక్టరమ్మ డిక్కీని అటూ ఇటూ తిప్పి చూసింది, తూచింది. బల్ల మీద పెట్టి, మా ఆయన వైపు జరిపింది.

"మీరే చూడండి. మెల్లగా."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలు డొప్ప మీద ఆనించాడు. చిన్నది నా చీర కొంగు పట్టుకుంది.

"గట్టిగా ఉంది" అన్నాడు. ఇంకోచోట నొక్కాడు. "ఇక్కడా గట్టిగానే ఉంది."

"ఇంటికి తీసుకెళ్ళండి" అంది డాక్టరమ్మ.

"మరి ఈ ఎత్తుపల్లాలు, మేడమ్? వీపు మీద గుబ్బలు కట్టింది. ఇవి సాపు కావా?"

"కావు. అవి అలాగే ఉంటాయి. ఇక మీదట పెరిగేది మాత్రం నున్నగా వస్తుంది. అంచున చూడండి, కొత్త గీత."

ఆయన అంచు మీద వేలు పెట్టి ఆ సన్నటి గీతను చాలాసేపు నిమిరాడు. సొట్ట అంటూ కనపడితే తీయకుండా వదలని మనిషి, తలూపి ఊరుకున్నాడు.

బయటికొచ్చాక సంతోషంతో నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఒక చేత్తో డబ్బా పట్టుకుని, ఇంకో చేత్తో కారు డోరు ఒక్క ఊపున తెరిచాను. పక్కన రాతి స్తంభం ఉందని చూసుకోలేదు. డోరుకీ రాయికీ మధ్య నా వేళ్ళు నలిగాయి. ఆ చప్పుడుకు చిన్నది కళ్ళు మూసుకుంది. నీలం రంగు మీద అరచేతిలో సగమంత సొట్ట, మధ్యలో తెల్లటి గీత. ఆరేళ్ళ పని.

ఆయన అటువైపు నుంచి తిరిగి వచ్చాడు. డబ్బా తీసి చిన్నదానికిచ్చాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏదీ, చూడనీ. వంచు. ఇదీ వంచు" అంటూ ఒక్కో వేలూ బొటనవేలితో నిమిరి చూశాడు. "ఎముక్కేం కాలేదు. నొప్పిగా ఉందా?"

"డోరు..." అన్నాను.

"ఉండనీ. డిక్కీకి లేవూ గుబ్బలు."

ఆయన వేలు మణికట్టు దాటి మోచేతి దాకా వచ్చి, మచ్చ దగ్గర ఆగింది. దాన్ని కూడా ఒకసారి నొక్కి చూశాడు.

"ఆ రోజు ముందు ఇది చూడాల్సింది" అన్నాడు, తలెత్తకుండా.

పధ్నాలుగేళ్ళుగా ఈ మాటకు జవాబులు తయారుచేసి పెట్టుకున్నాను. ఒకదాన్ని మించి ఒకటి. అన్నీ ఎటు పోయాయో ఏమో.

"చూశారుగా" అన్నాను. "పదండి, దానికి స్నానం వేళవుతోంది."