వందమందిలో బాబాయి

ఈ లారీ వెనక ఒడియాలో ఏదో రాసి ఉంది, సగం బురద కప్పేసింది, కూడబలుక్కుని చదవబోతే చివరి మాట దగ్గర ఆగిపోతున్నాను, మన బండి కదిలితే కదా ఇంకో లారీ చూడ్డానికి, ఎంతసేపటినుంచో ఇదే లారీ, ఇదే వాన, సుంకి ఘాటీ దిగే దారిలో కొండచరియ జారి రోడ్డు మీద పడిందట, అంబులెన్సు డ్రైవరు దుర్గారావు తడుస్తూ వెళ్లి చూసొచ్చేడు, రాళ్లు తీసీడానికి మిషను వస్తందట మేడమ్, ఎప్పుడొస్తాదో ఎవుడూ సెప్పట్లేదు అన్నాడు, నేను తలూపేను, వార్డులో ఊపినట్టే, ఏదో అర్థమైపోయినట్టు, నాకు అర్థమైందల్లా వెనక్కి తిప్పడానికి చోటు లేదు, ముందుకి దారి లేదు, మధ్యలో స్ట్రెచర్ మీద మా బాబాయి, మొహానికి ఆక్సిజన్ మాస్కు, మద్దెలలా బిగిసిపోయిన పొట్ట, కాళ్ల దగ్గర పిన్ని, ఆయన పాదాలు తన చీరకొంగులో చుట్టి పట్టుకుని కూచుంది, సల్లగా ఉన్నాయి అమ్మీ, సూడు, అంటోంది, చూస్తున్నాను పిన్నీ, చూడ్డం తప్ప ఇంకేం చేస్తున్నాను.

రాయగడలో పిన్ని వాళ్ల అన్నయ్యగారి గృహప్రవేశం, బాబాయి బంతిలో కూచుని రెండోసారి పులిహోర వేయించుకున్నాడట, సాయంత్రానికి పైపొట్టలో నొప్పి, వీపులోకి పొడుచుకుపోయే నొప్పి, అక్కడ విశాఖపట్నం రైలెక్కి ఉంటే తిన్నగా కిందికి దిగిపోయేవాడు, పెద్దాసుపత్రులన్నీ అటే, అందరూ అదే చెప్పేరట, ఈయనేమో నాకెందుకా ఊరు, కోరాపుట్‌లో మన అమ్మి డాక్టరు కాదేటి అని కొండెక్కే రైలెక్కేడు, సొరంగాల్లో సీకటి పడ్డపుడల్లా మూలిగేవోడు అమ్మీ, వెలుగొచ్చేసరికి నోరు మూసీసేవోడు, ఎవులైనా సూస్తారని, అని పిన్ని చెప్పింది, అదీ మా బాబాయి తిరుమలరావుగారంటే, దుకాణం ఉన్న బోరిగుమ్మ బజారంతా ఆయన గొంతే, అల్లం బస్తాలు దించేటప్పుడు ఆ చివరినుంచి ఈ చివరికి వినిపించే గొంతు, నొప్పి అన్న మాట మాత్రం ఆ గొంతులో ఎప్పుడూ వినలేదు, నాన్న పోయేక నన్ను ఇంటికి తెచ్చుకున్న రోజు కూడా అంతే, ఏడుస్తున్నాడని తెలియకుండా దుకాణంలో ఎవరిమీదో కేకలేసేడు, ఆ ఇంట్లో పెరిగిన పిల్ల డాక్టరైందని, ఆ ఒక్క ధైర్యంతో, నొప్పి మూటగట్టుకుని నా దగ్గరికి పైకొచ్చేడు.

మొదటిరోజు అన్నీ బాగున్నాయి, నిజంగా బాగున్నాయి, పిత్తాశయంలోంచి రాయి జారి నాళానికి అడ్డం పడి క్లోమం వాచింది, తన రసంతో తననే అరిగించుకోవడం మొదలెట్టింది, అంతవరకూ తెలిసిపోయింది, అక్కడినుంచి ఏమవుతుందన్నదే, బీపీ బాగుంది, రక్తం చిక్కబడలేదు, కిడ్నీలు బాగున్నాయి, ఊపిరితిత్తుల్లో నీరు లేదు, జబ్బు ఎంత ముదురుతుందో అంచనా కట్టే స్కోరు వేసేను, తక్కువొచ్చింది, మా పెద్ద డాక్టరుగారు కూడా చూసి తేలికపాటిదేనమ్మా కిరణ్మయీ, సెలైన్లు పెట్టి కనిపెట్టుకుని ఉందాం అన్నారు, కనిపెట్టుకునే ఉన్నాం, బాబాయి అప్పటికి హుషారే, పక్కమంచం ముసలాయనకి నన్ను చూపించి మో ఝియ, మో ఝియ, నా కూతురు అంటూ చెప్పుకున్నాడు, ఆ ముసలాయనకి చెవుడు, అయినా చెప్పేడు, మర్నాడు పొట్ట ఉబ్బింది, ఆ మర్నాడు మాట మధ్యలో ఊపిరి కోసం ఆగడం మొదలెట్టేడు, సంచిలోకి మూత్రం దిగడం తగ్గింది, కిడ్నీ పరీక్ష మళ్లీ పంపితే పెరిగి వచ్చింది, అప్పుడు స్కోరు వేస్తే ఎక్కువొచ్చింది, ఎక్కువ రాకేం చేస్తుంది, మనిషి పడిపోయేక పడిపోయేడని చెప్పే స్కోరు.

తక్కువ స్కోరు వచ్చిన వందమందిలో చాలామంది ఇడ్లీ తిని ఇంటికి వెళ్లిపోతారు, కొద్దిమంది వెళ్లరు, ఆ కొద్దిమందీ పుస్తకంలో ఒక అంకె, పరీక్షల కోసం ఆ అంకెని నేను బట్టీ పట్టేను, ఆ అంకెకి పాదాలుంటాయని, అవి చల్లబడతాయని, వాటిని ఒకావిడ కొంగులో చుట్టుకుని కూచుంటుందని అనుకున్నానా, వందమందిలో ఎంతమందో చెప్తుంది పుస్తకం, ఆ వందమందిలో మా బాబాయి ఎవరో చెప్పదు, పిన్ని అడిగేది ఆ ఒక్కటే, ఏటవుద్ది అమ్మీ, నాకేటీ దాసకు, ఏటవుద్దో సెప్పీ, నేనేమో చూద్దాం పిన్నీ అంటాను, ఇంకా చెప్పలేం అంటాను, వార్డులో అందరికీ చెప్పే మాటలే, చెప్పేక వాళ్ల మొహాలు ఎలా అయ్యేవో ఎప్పుడైనా నిలబడి చూసేనా, చెప్పి తర్వాతి మంచానికి వెళ్లిపోయేదాన్ని, ఇక్కడ తర్వాతి మంచం లేదు, పొద్దున్న కదిలిద్దామా ఉంచుదామా అన్నప్పుడు కూడా ఇదే, ఇంకా పాడవుతాడని తెలిస్తే ఇవాళే విశాఖపట్నం దించెయ్యాలి, దారి తట్టుకునే ఓపిక ఉండగానే, పాడవడని తెలిస్తే ఈ కుదుపుల్లో పడెయ్యనక్కర్లేదు, తెలిస్తే, తెలిస్తే, పెద్ద డాక్టరుగారు కళ్లజోడు తీసి నువ్వేమంటావమ్మా అన్నారు, నేను దించుదాం అన్నాను, దించుదాం అన్నది డాక్టరో కూతురో నాకే తెలీదు, ఇప్పుడు ఈ లారీ వెనక ఆగిపోయి ఉన్నాం, దించకుండా ఉండాల్సిందా, అదీ తెలీదు.

మానిటరు మీద ఆక్సిజన్ అంకె దిగుతోంది, తొంభై కిందికి వచ్చేసింది, వేలికి పెట్టిన క్లిప్పు సర్దేను, వేలు చల్లగా ఉంటే తప్పు చూపిస్తుంది, అదే అయి ఉండాలి, కాదు, పెదాలు చూడు, పెదాలు కూడా అదే చెప్తున్నాయి, ఆక్సిజన్ పెంచేను, తల వైపు ఇంకొంచెం ఎత్తేను, సెలైన్ చుక్కలు తగ్గించాలా పెంచాలా, కిడ్నీకి నీళ్లు కావాలి, ఊపిరితిత్తులకి వద్దు, రెండూ ఈయనవే, అన్నయ్యా అంటున్నాడు బాబాయి మాస్కులోంచి, కళ్లు తెరిచి లేవు, అన్నయ్యా, తలుపెయ్యి, వానొస్తంది, మా నాన్నని పిలుస్తున్నాడు, పిన్ని నా వైపు చూసింది, నేను చూపు తప్పించేను, అయిపోయింది, నాకు తెలిసిపోయింది, ఇన్నాళ్లూ తెలీని నాకు ఇప్పుడు ఖాయంగా తెలిసింది, ఈ ఘాటీ దాటడు, పిన్నికి ఎలా చెప్పాలో మనసులో మాటలు కూర్చుకోవడం మొదలెట్టేను, పిన్నీ, మనం చెయ్యగలిగిందంతా చేసేం, ఛీ, ఎవరు చేసేరు, పిన్నీ, గుండె దిటవు చేసుకో, ఇవి ఎవరి మాటలు, ఏ వరండాలో విన్న మాటలు, ఒక్క సొంత మాట లేదు నా దగ్గర, ఇంత చదివి ఈవిడతో మాట్లాడ్డానికి ఒక్క సొంత మాట లేదు, వచ్చీసింది మేడమ్, వచ్చీసింది అని దుర్గారావు కేక, ఏది వచ్చిందో అని తలెత్తి చూసేను, పసుపురంగు మిషను, లారీల పక్కనుంచి గీరుకుంటూ పోతోంది, మన బండికి ముందు దారి వదలమని దుర్గారావు ఒడియాలో, తెలుగులో, హిందీలో అందర్నీ బతిమాలుతున్నాడు, ఎవరో దిగి బురదలో నిలబడి లారీని వెనక్కి తీయిస్తున్నారు, నేను మాత్రం చెయ్యి బాబాయి మణికట్టు మీద వేసుకుని, నాడి ఎప్పుడు ఆగుతుందా అని, అవును, అదే, దానికోసమే ఎదురు చూస్తున్నట్టు కూచున్నాను.

ఆగలేదు, రాళ్లు తీసి దారి వదిలేక మలుపులు తిరుగుతున్నప్పుడు ఆగలేదు, చెవులు దిబ్బడలు వేసి వదిలినప్పుడు ఆగలేదు, కొండలు వెనకబడి పొలాలు కనిపించి సాలూరు ఇంకా ఎంతో లేదని దుర్గారావు అన్నప్పుడు చూసేను, గొట్టంలో పచ్చగా ఒక గీత కదులుతోంది, చుక్క, ఇంకో చుక్క, సంచి అడుగున చేరుతోంది, మానిటరు మీద అంకె ఎప్పుడు పెరిగిందో గమనించలేదు, తొంభై దాటి ఉంది, మొదటిరోజు బతికిపోతాడనుకున్నాను, ఇందాక పోతాడని ఖాయం చేసుకున్నాను, రెండుసార్లూ తప్పే, పిన్నీ అని అరవబోయేను, ఒచ్చింది, మూత్రం ఒచ్చింది, ఇంక పర్లేదు అని, ఆ మాట నాలుక మీదే ఆగిపోయింది, ఎన్నోసారి పర్లేదు అంటావు, ఈ చుక్కలు రేపు ఆగవని నీకెవరు చెప్పేరు, క్లోమం చుట్టూ చీము పట్టదని ఎవరు చెప్పేరు, గండం గడవడానికి ఇంకా వారాలు పడుతుంది, పిన్నికి గొట్టం చూపించేను, వచ్చింది పిన్నీ, అని మాత్రం అన్నాను, పిన్ని దండం పెట్టింది, నాకా గొట్టానికా తెలీలేదు.

బాబాయి కళ్లు తెరిచేడు, పైన తెల్లటి రేకు కప్పుని చూసేడు, పిన్నిని చూసేడు, నన్ను చూసి గుర్తుపట్టేడు, చెయ్యెత్తి మాస్కు పక్కకి లాగబోతే వద్దు బాబాయ్ అని వంగి చెవి దగ్గరగా పెట్టేను, బయమేస్తంది అమ్మీ, అన్నాడు, బోరిగుమ్మ బజారు ఎన్నడూ వినని గొంతుతో, పిన్ని కూడా వినలేనంత సన్నగా, ఏం కాదు అనాలి, అందరం అంటాం, నోరు తెరిచేను, నాకూ బాబాయ్, అన్నాను, ఆయన ఎక్కడికైనా ముందు తనే వెళ్లి చూసొచ్చి మమ్మల్ని పిలిచే మనిషి, ఈసారి నేను ముందుకి వెళ్లి చూసొస్తానని కొండెక్కి వచ్చేడు, నేనూ వెళ్లి చూసొచ్చినట్టే నటించేను ఇన్నాళ్లూ, నేనెక్కడికీ వెళ్లలేదు, ఎవరూ వెళ్లలేరు, నా చేతిని ఆయనే గట్టిగా పట్టుకున్నాడు, పట్టుకోనిచ్చేను, ఈ బండిలో ముందేముందో తెలిసినవాళ్లు ఎవరూ లేరు, ముగ్గురం ఒకే వైపు వెళ్తున్నాం, అంతే.