ఫోను చెప్పిన అభిరుచి

ఆ రోజు పొద్దున ఆకాశం కురవనూ లేదు, తెరిపినివ్వనూ లేదు. బూడిదరంగు మబ్బు కప్పుల మీదికి దిగి, పిలవని చుట్టంలా కదలకుండా కూర్చుంది. వెల్డరు తన షెడ్డులో ఇనుప కుర్చీలు తుడుస్తూ దాన్నొకసారి చూసి తల దించుకున్నాడు. తల్లి పోయి నెలయింది. ఈ పూట ఆమె జ్ఞాపకార్థం ప్రార్థన. పక్షవాతంతో మూడేళ్లు మంచాన పడి, పక్కకు తిప్పినప్పుడల్లా పళ్లు బిగబట్టిన మనిషి. ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు వినపడితే చాలు, అతనికి ఇంకేమీ అక్కర్లేదు.

ఆ మాటలు ముసలి పాస్టరు చేత చెప్పించాలనుకున్నాడు. భార్యకు అన్న, అంటే అతని బావ, అడ్డం పడ్డాడు.

బావ కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. ఏడాదిగా ఫోనులో దైవశాస్త్రం చదువుతున్నాడు. ఊరికే వచ్చేది దేన్నీ వదలని మనిషి కాబట్టి, దొరికిన ప్రతి కోర్సులోనూ చేరాడు. పాఠాలేమో ఇంగ్లీషు. అతని ఇంగ్లీషు మీటరు అంకెల దగ్గరే ఆగిపోయింది. అందుకని తెలుగులోకి మార్చే మీట నొక్కి, అది ఏం కక్కితే అది మింగేవాడు. చివర అడిగే ప్రశ్నలకు తప్పు కొడితే మళ్లీ కొట్టనిస్తారు, ఒప్పయ్యేదాకా కొట్టేవాడు. అలా వచ్చిన పత్రాలకు పటాలు కట్టించాడు. వాటికి చోటు చాలక గోడ మీది పెళ్లి ఫోటో బీరువా వెనక్కి పోయింది. వీధిలోవాళ్లు "డాక్టరుగారూ!" అంటే అది వెటకారమని తోచక, గంభీరంగా తలాడించేవాడు.

"పాస్టరుగారిది పాతకాలం చదువు బావా. మాటకి రెండుసార్లు దగ్గుతారు. నేనెత్తుకున్న అంశం వింటే నీ కళ్లు తిరుగుతాయి," అన్నాడు.

"నా కళ్లెందుకు తిరగడం? అమ్మ గురించి చెప్పు, చాలు."

"అత్తయ్యని ప్రభువు పక్కన కూర్చోబెడతాను, చూస్కో!"

భార్య ముఖం చూసి వెల్డరు సరేనన్నాడు.

జనం వచ్చారు. పాస్టరు మెడకు మఫ్లరు చుట్టుకుని వెనక వరుసలో కూర్చున్నాడు. బావ కోటు తొడుక్కుని, ఫోను కళ్ల ముందుకు ఎత్తి పట్టాడు.

"ప్రియులారా! ఈనాటి అంశం, క్రీస్తు అభిరుచి! మనకి తోటపని, చేపలు పట్టడం ఎలాగో, ప్రభువుకి సిలువ అలాగ!"

"ఆమెన్," అంది ముందు వరుస. బావ మైకు సరిచేస్తున్నప్పుడు కూడా ఆ వరుస ఆమెన్ అంది.

"రోగులు క్రీస్తు అభిరుచిలో పాలుపంచుకుంటారని పండితులు రాశారు. అత్తయ్యకీ ఆ అభిరుచే! మూడేళ్లు మంచం దిగారా? దిగలేదు! ఎందుకని? ఇష్టం! ఆవిడకి మంచమంటే అంత ఇష్టం!"

ఈసారి ఆమెన్ సగంలో ఆగిపోయింది. వెల్డరు పిడికిలి బిగించి లేవబోయాడు. అతనికంటే ముందే భార్య లేచింది.

"కూర్చో అన్నయ్యా."

"అది కాదమ్మాయ్, ఇక్కడ స్పష్టంగా రాసుంది..."

"ఆవిడ ఒంటిమీద పుండ్లు కడిగింది నేను. ఇష్టమా అది? నీ ఫోనొచ్చి కడిగిందా?"

వెనక నుంచి దగ్గు వినపడింది. "అది శ్రమ నాయనా," అన్నాడు పాస్టరు. "క్రీస్తు శ్రమల్ని ఇంగ్లీషులో ప్యాషన్ అంటారు. అభిరుచికీ, మోజుకీ అదే మాట. నీ ఫోను మోజు వైపు పోయింది. దానికి నొప్పంటే ఏం తెలుసు? నువ్వు చిన్నప్పట్నించీ శ్రమల వారంలో ముందు బెంచీలోనే కూర్చున్నావు కదయ్యా! నీకేమైంది?"

బావ ఫోను వంక చూశాడు. అది తెలివిగా ఆరిపోయింది.

పాస్టరు కుర్చీ పట్టుకుని లేచాడు. "ప్రభువా, ఈ తల్లి చాలా శ్రమపడింది. ఇక పడనియ్యకు," అన్నాడు. అంతే. వెల్డరు మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

షెడ్డులోనే బల్లలు వేసి భోజనాలు పెట్టారు. బావ ఏదో అనబోయేంతలో చెల్లెలు అతని కంచంలో అన్నం వేసి ముందుకు వెళ్లిపోయింది. ఊరికే వచ్చేది దేన్నీ వదలని మనిషి, ఆ పూట రెండోసారి అన్నం అడగలేదు.