హారతివ్వని ఇల్లు

కాలవ పక్క తవిటమ్మ అరవై సెంట్ల పొలం కేసు సోమవారం హైకోర్టులో జగన్నాధం గారి బెంచి మీదకి వస్తోందని పక్కింటి జగ్గమ్మకి కోర్టులో పనిచేసే అల్లుడు చెప్పాడట. జగ్గమ్మ ఆ కబురు కుళాయి దగ్గర పంచిపెట్టి, సొంత మాట ఒకటి కలిపిందట: "ఇంకేటున్నాది, తవిటమ్మ పొలం పోయినట్టే. ఎలచ్చన్లలో ఆయన మొహమ్మీద తలుపేసింది కదేటి, మరిసిపోతాడా?"

విన్న తవిటమ్మకి ఆ పూట గంజి కూడా దిగలేదు.

తలుపేసిన మాట నిజమే. పదహారేళ్ళ కిందట ఒకసారి ఎమ్మెల్యేగా గెలిచిన జగన్నాధం రెండోసారి నిలబడి వీధి వీధీ తిరిగాడు. ఇంటింటా ఆడవాళ్ళు బొట్టుపెట్టి హారతిచ్చారు. తవిటమ్మ తమ్ముడిది అవతలి పార్టీ. జగన్నాధం అరుగు ఎక్కబోతుంటే ఆమె గడియ పెట్టేసింది. నూట పన్నెండు ఓట్లతో ఓడిపోయాడాయన. పార్టీ వదిలి మళ్ళీ నల్లకోటు తొడిగాడు. హైకోర్టులో ఏళ్ళ తరబడి వాదించి, చివరికి అక్కడే జడ్జీ అయ్యాడు. ఊళ్ళో ఫ్లెక్సీ కట్టినప్పుడు దాని కిందుగా నడవడానికి తవిటమ్మ జంకింది.

ఇప్పుడు లేఔటు వాళ్ళు ఆమె పొలంలోంచి రోడ్డు తీస్తామంటున్నారు. పని ఆపమని కోర్టు ఇచ్చిన స్టే సోమవారం వరకే.

"జడ్జీ అయితే ఏటే, మన ఎమ్మెల్యేయే కదా," అన్నాడు మొగుడు కూర్మయ్య. "పొద్దున్నే వరండాలో కూకుని అర్జీలు తీసుకున్నోడే. శనివారం విజయనగరం ఇంటికొస్తాడట. ఎల్లి తప్పయిపోనాదని సెప్పేద్దాం."

"సెప్తే సాలదు మావా. ఆ వేళ ఇవ్వని హారతి ఇచ్చేస్తాను."

తమ కేసు చూస్తున్న లాయరు సుహాసినికి చెబితే వద్దంటుందని చెప్పలేదు. బస్సులో దారంతా తవిటమ్మ సంచిలోని ఇత్తడి పళ్ళేన్ని తడుముకుంటూనే ఉంది.

ఊరివాళ్ళమంటే గేటు కానిస్టేబులు వదిలాడు. మూడో అగ్గిపుల్లకి గానీ కర్పూరం అంటుకోలేదు. జగన్నాధం బయటికొచ్చి, నవ్వి, పాత అలవాటుగా బొట్టుకి నుదురు వంచాడు. తవిటమ్మకి ప్రాణం లేచొచ్చింది.

అంతలో కూర్మయ్య కాగితం చాపాడు. "సోమవారం మా కేసు తమరి దగ్గరికే వస్తాది బాబూ. లేఔటోళ్ళ మీద..."

జగన్నాధం వెనక్కి జరిగాడు. నవ్వు పోయింది.

"కేసు మాట నాతో ఎందుకన్నారు? ఇంక నేను దాన్ని వినకూడదు. వేరే జడ్జీకి పోతాది."

"ఎప్పుడికి బాబూ?"

"తెలీదు."

"అంతవరకు పొక్లెయిన్ని ఎవులాపుతారు?"

"మీ లాయరుని అడగండి." లోపలికి తిరిగాడు.

కర్పూరం ఇంకా మండుతోంది. తవిటమ్మ పళ్ళెం పట్టుకునే ఒకడుగు ముందుకేసింది.

"ఆ వేళ తలుపేసినందుకేనా బాబూ?"

ఆయన గుమ్మంలో ఆగాడు. నుదుటి మీద ఆమె పెట్టిన బొట్టు అలాగే ఉంది.

"ఏ తలుపు? ఓడినోడికి ఊరంతా మూసిన తలుపులే. అందులో మీదేదో నాకేటి తెలుసు?"